చదరంగంలో అరుదైన ముగింపులు

చదరంగంలో పావులు చాలావరకు తగ్గిపోయి, రాజు స్వయంగా పోరులోకి దిగే చివరి దశను ముగింపు లేదా ఎండ్‌గేమ్ అంటారు. ముగింపులలో కొన్ని ప్రతి పోటీలోనూ కనిపిస్తాయి. మరికొన్ని ఒక ఆటగాడి జీవితకాలంలో ఒకటి రెండుసార్లు మాత్రమే ఎదురవుతాయి. ఈ రెండవ రకాన్ని అరుదైన ముగింపులు అని వ్యవహరిస్తారు. శకటు, గుర్రం కలిసి ఒంటరి రాజుకు ఆట కట్టించడం, మంత్రికీ ఏనుగుకూ మధ్య జరిగే పోరు, రెండు గుర్రాలకూ ఒక బంటుకూ మధ్య జరిగే పోరు వీటిలో ప్రసిద్ధమైనవి. వీటిని నేర్చుకోవడానికి సమయం వెచ్చించడం తగునా అన్న విషయంపై శిక్షకులలోను, గ్రంథకర్తలలోను చాలాకాలంగా భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఈ వ్యాసంలో ముఖ్యమైన అరుదైన ముగింపుల స్వరూపము, వాటి చుట్టూ సాగిన చర్చ వివరించబడ్డాయి.

పేర్లు, నియమాలు

పావుల పేర్లు తెలుగునాట అన్ని ప్రాంతాలలోనూ ఒకే విధంగా లేవు. ఈ వ్యాసంలో నిలువుగా, అడ్డంగా నడిచే పావును ఏనుగు అని, ఐమూలగా నడిచే పావును శకటు అని, అన్ని దిక్కులకూ నడిచే పావును మంత్రి అని పేర్కొనడం జరిగింది. శకటును ఒంటె అని, మంత్రిని రాణి అని పిలిచే వాడుక కూడా ఉంది. గడులను సూచించడానికి ఎ నుండి హెచ్ వరకు ఉన్న నిలువు వరుసల అక్షరాలు, 1 నుండి 8 వరకు ఉన్న అడ్డు వరుసల అంకెలు వాడబడ్డాయి.

అరుదైన ముగింపులను అర్థం చేసుకోవడానికి యాభై ఎత్తుల నియమం తెలిసి ఉండాలి. వరుసగా 50 ఎత్తుల పాటు ఇరుపక్షాలలో ఎవరూ బంటును కదపకుండా, ఏ పావునూ చంపకుండా ఉంటే, ఆటగాడు డ్రా కోరవచ్చు. అందువల్ల గెలుపు స్థితి చేతిలో ఉండడం వేరు, దానిని 50 ఎత్తులలో పూర్తి చేయడం వేరు. 2014 నుండి అంతర్జాతీయ చదరంగ సమాఖ్య మరొక నియమాన్ని చేర్చింది. దాని ప్రకారం 75 ఎత్తులు అలాగే గడిచిపోతే ఎవరూ కోరకపోయినా ఆట డ్రాగా ముగుస్తుంది.

పూర్వకాలంలో ఈ సమస్య ఇంత తీవ్రంగా లేదు. భారతదేశం నుండి పారశీకం మీదుగా అరబ్బులకు చేరిన షత్రంజ్ ఆటలో, ప్రత్యర్థి పావులన్నిటినీ చంపి రాజును ఒంటరిని చేస్తే అదే గెలుపుగా లెక్కించేవారు. ఒంటరి అయిన పక్షం వెంటనే తన ఎత్తులో ఎదుటి రాజును కూడా ఒంటరిని చేయగలిగితే మాత్రమే తప్పించుకునేది. అటువంటి ఆటలో శకటు, గుర్రంతో రాజును మూలకు తరిమే విద్య అవసరం ఉండదు. అయినప్పటికీ ముగింపుల అధ్యయనం అప్పుడే మొదలయింది. తొమ్మిదవ శతాబ్దపు అరబ్బు ఆటగాడు అల్ అద్లీ విశ్లేషించిన ఏనుగు, గుర్రం మధ్య ముగింపు నేటికీ చెల్లుతుంది. ఆ రెండు పావుల నడక మారకపోవడమే దానికి కారణం.

ఎంత అరుదు

పోటీలలో ఆడిన ఆటలను సంకలనం చేసి లెక్కించినప్పుడు, రెండు వైపులా ఒక్కొక్క ఏనుగు, కొన్ని బంట్లు మిగిలే ముగింపు అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. సుమారు 8 శాతం ఆటలు ఏదో ఒక దశలో ఆ స్థితికి చేరుతాయని అంచనా. దీనికి భిన్నంగా, శకటు, గుర్రంతో ఆట కట్టించవలసిన పరిస్థితి సుమారు 6,000 ఆటలకు ఒకసారి వస్తుందని చెబుతారు. సంవత్సరానికి 60 పోటీ ఆటలు ఆడే వ్యక్తికి ఇది నూరేళ్ళకు ఒకసారి అన్నమాట. అందులోనూ సగం సార్లు అతడు ఒంటరి రాజు పక్షాన ఉంటాడు.

అయితే ఈ లెక్కను యథాతథంగా తీసుకోకూడదు. బోర్డుపై నిజంగా వచ్చిన స్థితులనే ఇది లెక్కిస్తుంది, రాబోయి తప్పిపోయినవాటిని లెక్కించదు. ఓడిపోతున్న ఆటగాడు తన చివరి పావును ఇచ్చి ఎదుటివాని చివరి బంటును చంపగలిగితే, ఎదుటివాని వద్ద శకటు, గుర్రం మాత్రమే మిగులుతాయి. ఆట కట్టించడం అతనికి తెలియదని అనుమానం ఉంటే ఓడిపోయేవాడు ఆ దారినే ఎన్నుకుంటాడు. తెలియని ఆటగాడు కూడా ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి, బంటును కాపాడుకోవడానికి మంచి ఎత్తులను వదిలి వంకర దారులు తొక్కుతాడు. ఆ నష్టం ఏ పట్టికలోనూ నమోదు కాదు.

శకటు, గుర్రంతో ఆట కట్టించడం

ఒంటరి రాజుకు మంత్రితో గరిష్ఠంగా 10 ఎత్తులలోను, ఏనుగుతో 16 ఎత్తులలోను, రెండు శకటులతో 19 ఎత్తులలోను ఆట కట్టించవచ్చు. శకటు, గుర్రంతో మాత్రం ఇది 33 ఎత్తుల వరకు పడుతుంది. అంటే దోషరహితంగా ఆడినా నియమం ఇచ్చిన 50 ఎత్తులలో మూడింట రెండు వంతులు ఖర్చు కావచ్చు. మిగిలిన 17 ఎత్తులే మానవ సహజమైన తడబాటుకు దొరికే వెసులుబాటు.

కష్టానికి కారణం ఇది. శకటు ఒక రంగు గడులలోనే తిరుగుతుంది. కాబట్టి శకటు రంగు గడి గల మూలలోనే ఆట కట్టించడం సాధ్యం. ఈ సంగతి తెలిసిన ప్రత్యర్థి తన రాజును వేరే రంగు మూలకు తీసుకుపోయి కూర్చుంటాడు. అక్కడి నుండి దానిని అంచు వెంబడి బోర్డు ఆ చివరకు తరమాలి.

శకటు తెల్లగడులది అనుకుందాం. నల్లరాజు హెచ్8 అనే నల్లగడి మూలలో ఉంటుంది. తెల్లరాజు ఎఫ్6 వద్ద నిలిచి, గుర్రాన్ని ఎఫ్7కు తెచ్చి రాజును మూల నుండి కదిలిస్తాడు. ఆపైన గుర్రం ఎఫ్7, ఇ5, డి7, సి5, బి7 గడుల మీదుగా సాగుతుంది. ఈ గడులను గీతతో కలిపితే ఆంగ్లాక్షరం డబ్ల్యూ ఆకారం వస్తుంది. గుర్రం ఇ5కు వచ్చినప్పుడు నల్లరాజు డి8, సి7 గడుల మీదుగా బయటపడిపోతున్నట్లు కనిపిస్తుంది. నేర్చుకోనివారు ఇక్కడే కంగారుపడి గుర్రాన్ని వెనుకకు రప్పిస్తారు, అంతటితో శ్రమ అంతా మొదటికి వస్తుంది. నిజానికి తెల్లరాజు ఇ6కు, గుర్రం డి7కు, శకటు డి3కు చేరితే నల్లరాజుకు దారులన్నీ మూసుకుపోతాయి. అది తిరిగి అంచుకు చేరక తప్పదు. ఈ ఒక్క ఘట్టాన్ని నమ్మకంతో దాటగలిగితే మిగిలినది సులభమే.

ఇదికాక 1923లో డెలెటాంగ్ ప్రచురించిన త్రికోణాల పద్ధతి కూడా ఉంది. ఇందులో రాజును ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు త్రికోణాలలో వరుసగా బంధిస్తారు. ఇది చూడడానికి అందంగా ఉంటుంది కాని, గడియారం నడుస్తుండగా గుర్తుంచుకోవడానికి గుర్రం నడకే సుకరం.

జెనీవా ఉదంతం

ఈ ముగింపు తెలియకపోవడం వల్ల కలిగే నష్టానికి 2013లో జెనీవాలో జరిగిన మహిళల గ్రాండ్ ప్రి పోటీ ప్రసిద్ధ ఉదాహరణ. ఉక్రెయిన్‌కు చెందిన అన్నా ఉషెనినా అప్పటికి మహిళల ప్రపంచ విజేత. ఆమె 2012లో ఖాంతీ మాన్సీస్క్‌లో ఆ బిరుదు గెలుచుకున్నది. గుంటూరుకు చెందిన ద్రోణవల్లి హారిక సెమీఫైనల్ వరకు వెళ్ళి కాంస్య పతకం పొందినది కూడా ఆ పోటీలోనే. జెనీవాలో ఓల్గా గిర్యాతో ఆడిన ఆటలో ఉషెనినాకు శకటు, గుర్రం, ఎదుట ఒంటరి రాజు మిగిలాయి. ఆమె నల్లరాజును సరైన మూలలో బంధించలేకపోయింది. యాభై ఎత్తులు పూర్తి అయ్యాయి, ఆట డ్రా అయింది. ప్రపంచ విజేత స్థాయి వ్యక్తి ఏ పుస్తకంలోనైనా దొరికే ముగింపులో అర పాయింటు పోగొట్టుకోవడం చదరంగ లోకంలో విస్తృతంగా చర్చకు వచ్చింది.

ఈ ఉదంతాన్ని రెండు పక్షాల వారూ తమకు అనుకూలంగా ఉదహరిస్తారు. నేర్చుకోవాలనేవారు పోయిన అర పాయింటును చూపుతారు. అక్కరలేదనేవారు, ఆ ముగింపు రాకుండానే ఆమె ప్రపంచ విజేత అయింది కదా అంటారు. రెండవ వాదన వినడానికి చమత్కారంగా ఉన్నా, అందులో కొంత బలం లేకపోలేదు.

మంత్రికీ ఏనుగుకూ మధ్య పోరు

మంత్రి ఉన్న పక్షం సాధారణంగా గెలుస్తుంది. అందుకు గరిష్ఠంగా 31 ఎత్తులు అవసరం. అనుకూల సమయంలో చెక్ చెప్పి, ఏనుగును రాజు నుండి విడదీసి పట్టుకోవడమే ఇందులోని కిటుకు. పుస్తకాలలో చూపే రక్షణలో ఏనుగు రాజును అంటిపెట్టుకుని ఉంటుంది, దానిని ఓడించడం అంత కష్టం కాదు.

1970ల చివరలో కెన్ థాంప్సన్ ఈ ముగింపులోని స్థితులన్నిటినీ కంప్యూటరుతో లెక్కకట్టి, ఏనుగు పక్షాన కంప్యూటరునే కూర్చోబెట్టాడు. అమెరికా జాతీయ విజేత వాల్టర్ బ్రౌన్ గెలిచి చూపుతానని పందెం కాశాడు. కంప్యూటరు ఏనుగును రాజుకు దూరంగా, మనిషికి తోచని గడులలో నిలిపింది. బ్రౌన్ 50 ఎత్తులలో గెలవలేకపోయాడు. తరువాత ఆ స్థితులను అధ్యయనం చేసి మళ్ళీ ప్రయత్నించి, సరిగ్గా 50వ ఎత్తులో విజయం సాధించాడు. 2001 ప్రపంచ పోటీలో బోరిస్ గెల్ఫాండ్, పీటర్ స్విద్లర్‌ల మధ్య ఇదే ముగింపు డ్రా అయింది. ఇద్దరూ అగ్రశ్రేణి గ్రాండ్‌మాస్టర్లే.

ఈ ముగింపు మనకు నేర్పేది గెలుపు కంటే రక్షణే అనిపిస్తుంది. మంత్రి పోయి ఏనుగు మిగిలిన వ్యక్తి ఆట వదులుకోకుండా, ఎదుటివాని చేత పని చేయించాలి. ఇందుకు ప్రత్యేకమైన చదువు కూడా అక్కరలేదు. ఏనుగును పోగొట్టుకోకుండా ఉండడం, స్టేల్‌మేట్ అవకాశాలను, అనగా చెక్ లేకుండానే ఎత్తులు లేకుండాపోయే స్థితులను, కనిపెట్టి ఉండడం చాలు.

ఏనుగు, శకటు ఒకవైపు, ఏనుగు మరొకవైపు

బంట్లు లేని ముగింపులలో తరచుగా వచ్చేవాటిలో ఇది ఒకటి. కాబట్టి దీనిని అరుదైనదనడం సందేహాస్పదమే. సిద్ధాంతరీత్యా ఎక్కువ స్థితులు డ్రా. కాని ఆచరణలో రక్షించుకునేవారు తరచుగా ఓడిపోతారు. ఫ్రెంచి ఆటగాడు ఫిలిదోర్ 1749లో ప్రచురించిన గ్రంథంలో దీనిలోని ఒక గెలుపు స్థితిని వివరించాడు. అది నేటికీ ఆయన పేరుతోనే వ్యవహరించబడుతుంది. గెలుపు స్థితులలో కొన్నింటికి 59 ఎత్తుల వరకు అవసరం.

రక్షణ పద్ధతులలో ముఖ్యమైనదానికి భారతదేశంతో సంబంధం ఉంది. దానిని కనిపెట్టిన జాన్ కోక్రేన్ స్కాట్లాండుకు చెందిన న్యాయవాది. ఆయన చాలాకాలం కలకత్తాలో వృత్తి చేసుకుంటూ, బెంగాలీ ఆటగాడు మొహేశ్ చంద్ర బెనర్జీతో ఎన్నో ఆటలు ఆడాడు. ఆ ఆటల ద్వారానే భారతీయుల ఆటతీరు ఐరోపావారికి కొంత తెలిసివచ్చింది. కోక్రేన్ రక్షణలో ఏనుగు ఎదుటి శకటును దాని రాజుకు ముడివేసి ఉంచుతుంది, దాంతో శకటు కదలలేదు. ఎదుటి రాజు ఒకవైపు జరిగి ఆ ముడి విప్పుకోబోతే, రక్షించుకునే రాజు మరొకవైపుకు జరిగిపోతుంది. రాజును, ఏనుగును అంచుకు రెండవ వరుసలో నిలిపే పద్ధతి మరొకటి. ఈ రెండిటిలో ఒకదానిని ఒక స్నేహితునితో పది పన్నెండుసార్లు ఆడి చూస్తే చేతికి అలవాటవుతుంది. అరుదైన ముగింపులలో పెట్టిన సమయానికి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదేనని చెప్పవచ్చు.

రెండు గుర్రాలు, ఒక బంటు

రెండు గుర్రాలతో ఒంటరి రాజుకు బలవంతంగా ఆట కట్టించడం సాధ్యం కాదు. ఎదుటివాడు తప్పు చేస్తేనే సాధ్యం. కాని ఎదుటివానికి ఒక బంటు ఉంటే సాధ్యం కావచ్చు! బంటు ఉండడం నష్టమయ్యే ఈ వింతకు కారణం స్టేల్‌మేట్. రాజును మూలలో బంధించినప్పుడు అతనికి వేరే ఎత్తు లేకపోతే ఆట డ్రా అవుతుంది. బంటు ఉంటే అతడు దానిని కదపక తప్పదు, ఆ లోపల గుర్రం వచ్చి ఆట కట్టిస్తుంది.

రష్యన్ ముగింపుల రచయిత అలెక్సీ త్రోయిత్‌స్కీ ఈ ముగింపును కంప్యూటర్లు లేని కాలంలో ఏళ్ళ తరబడి శోధించాడు. నల్లబంటును ఒక గుర్రంతో ఎ4, బి6, సి5, డి4, ఇ4, ఎఫ్5, జి6, హెచ్4 గడులలో గాని, వాటికి వెనుక గాని అడ్డగిస్తే గెలుపు సాధ్యమని తేల్చాడు. ఈ హద్దును త్రోయిత్‌స్కీ రేఖ అంటారు. ఆయన 1942లో లెనిన్‌గ్రాడ్ దిగ్బంధంలో మరణించాడు. అర్ధ శతాబ్దం తరువాత కంప్యూటర్లు పరిశీలించినప్పుడు ఆ రేఖ సరైనదేనని తేలడం ఆశ్చర్యకరం.

అయితే దీనిలో కొన్ని గెలుపులకు 115 ఎత్తుల వరకు కావాలి. అంటే యాభై ఎత్తుల నియమం అమలులో ఉండగా వాటిలో చాలా వాటిని సాధించే అవకాశమే లేదు. 2000లో మొనాకోలోని ఆంబర్ పోటీలో తొపలోవ్‌పై కార్పోవ్ దీనిని గెలిచాడు, కాని అక్కడి స్థితి సిద్ధాంతరీత్యా డ్రా. తొపలోవ్ చేసిన తప్పు వల్ల గెలుపు దొరికింది. ఈ ముగింపు ఉన్నదని తెలిసి ఉంటే చాలు, దీనిని పూర్తిగా నేర్చుకోవడం వినోదం కోసమే.

పుస్తకాలు పొరబడిన ముగింపు

రెండు శకటులకూ ఒక గుర్రానికీ మధ్య ముగింపు అరుదైన ముగింపుల చరిత్రలో ఒక గుణపాఠం. 1851లో క్లింగ్, హార్విట్జ్ అనే విశ్లేషకులు గుర్రం పక్షం ఒకానొక అమరికలో కోటలో కూర్చున్నట్లు కూర్చుంటే దానిని ఛేదించలేరని చూపారు. తరువాతి పుస్తకాలన్నీ దీనిని డ్రాగా పేర్కొన్నాయి. 1983లో థాంప్సన్ కంప్యూటరు ఆ కోట నిలువదని, ఈ ముగింపు సాధారణంగా గెలుపేనని, గరిష్ఠంగా 66 ఎత్తులు పడుతుందని తేల్చింది. నూట ముప్పై ఏళ్ళకు పైగా విద్యార్థులు కంఠస్థం చేసినది తప్పు అయింది.

ఇటువంటి ఫలితాల ఒత్తిడితో అంతర్జాతీయ సమాఖ్య 1980లలో కొన్ని ప్రత్యేక ముగింపులకు 50కి మించి ఎత్తులు అనుమతించింది. కంప్యూటర్లు కొత్త కొత్త మినహాయింపులు కనుగొంటూ పోవడంతో ఆ జాబితాకు అంతు లేకుండా పోయింది. 1992లో మినహాయింపులన్నిటినీ తొలగించి అన్ని ముగింపులకూ 50 ఎత్తులే అని నిర్ణయించారు. నేర్చుకునేవారికి ఈ నిర్ణయం మేలే చేసింది. 50కి మించి ఎత్తులు కావలసిన గెలుపులన్నీ దీనితో పాఠ్యక్రమం నుండి తప్పుకున్నాయి.

ముగింపుల నిధులు

కొద్ది పావులు ఉన్న స్థితులన్నిటికీ సరైన ఫలితాన్ని ముందే లెక్కించి భద్రపరచిన సమాచారాన్ని టేబుల్‌బేస్ అంటారు. 2012లో మాస్కో విశ్వవిద్యాలయపు లొమొనోసోవ్ సూపర్ కంప్యూటరుపై రాజులతో సహా ఏడు పావుల స్థితులు లెక్కించబడ్డాయి. వాటిలో మంత్రి, బంటు ఉన్న పక్షం ఏనుగు, శకటు, గుర్రం ఉన్న పక్షానికి ఆట కట్టించడానికి 549 ఎత్తులు పట్టే స్థితి ఒకటి బయటపడింది. ఆ ఎత్తులలో చాలా వాటికి గ్రాండ్‌మాస్టర్లు కూడా అర్థం చెప్పలేరు. 2018లో సిజిజీ అనే పద్ధతిలో ఏడు పావుల నిధి పూర్తి అయింది. ఇది యాభై ఎత్తుల నియమాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఇదే పద్ధతిలో ఐదు పావుల నిధి ఒక గిగాబైటు లోపే ఉంటుంది. అంతర్జాలంలో లీచెస్ వంటి చోట్ల ఏడు పావుల నిధిని ఎవరైనా ఉచితంగా సంప్రదించవచ్చు.

ఒకప్పుడు అరుదైన ముగింపు నేర్చుకోవాలంటే ఖరీదైన విదేశీ గ్రంథం, దానిని అర్థం చేసుకోగల గురువు అవసరమయ్యేవి. ఇప్పుడు తప్పు ఎత్తు వేయగానే యంత్రం చూపిస్తుంది. అయితే అది తప్పు అని మాత్రమే చెబుతుంది, ఎందుకు తప్పో చెప్పదు.

నేర్చుకోవడం తగునా

అమెరికా శిక్షకుడు జెరెమీ సిల్మన్ 2007లో వెలువరించిన ముగింపుల పాఠ్యగ్రంథంలో శకటు, గుర్రంతో ఆట కట్టించే అంశాన్ని చేర్చలేదు. జీవితంలో మహా అయితే ఒకటి రెండుసార్లు వచ్చేదానికి విలువైన గంటలు వెచ్చించడం వృథా అని ఆయన అభిప్రాయం. దీనిని వ్యతిరేకించేవారు, రెండు పావులు, రాజు కలిసి ఎలా పనిచేస్తాయో ఈ ముగింపు నేర్పినంతగా మరేదీ నేర్పదని అంటారు.

ఈ చర్చలో ఇరుపక్షాలూ అరుదుతనాన్నే కొలబద్దగా తీసుకున్నాయి. నేర్చుకోవడానికి అయ్యే ఖర్చును దానితో పాటు లెక్కించితే చిక్కు చాలావరకు విడిపోతుంది. కొన్ని ముగింపుల సారం ఒక్క వాక్యం. ఏనుగుకు ఎదురుగా శకటు మాత్రమే మిగిలినవాడు తన రాజును శకటు రంగు కాని మూలకు తీసుకుపోవాలి. ఏనుగుకు ఎదురుగా గుర్రం మిగిలినవాడు గుర్రాన్ని రాజుకు దగ్గరగా, మూలలకు దూరంగా ఉంచాలి. ఈ రెండు వాక్యాలు అర పాయింటు కాపాడగలవు, నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఇవి ఎంత అరుదైనా నేర్చుకోవలసినవే. శకటు, గుర్రం విద్యకు ఒకటి రెండు సాయంత్రాలు, ఏనుగు, శకటు నుండి రక్షణకు కొన్ని గంటలు పడతాయి. మంత్రి, ఏనుగు పోరులో యంత్రం వంటి రక్షణను ఛేదించడానికి వారాలు కావాలి. రెండు గుర్రాల విద్యకు నెలలు పట్టినా పూర్తి కాకపోవచ్చు. ఖర్చు పెరిగినకొద్దీ దానిని వాయిదా వేయడమే వివేకం.

ఆడే పోటీని బట్టి కూడా సమాధానం మారుతుంది. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్క్‌లోను ప్రపంచ ర్యాపిడ్ బిరుదు గెలుచుకున్నది. ఆ పోటీలలో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు చొప్పున అదనపు సమయం ఉంటుంది. ముగింపు వచ్చేసరికి చాలామందికి మిగిలేది ఆ పది సెకన్లే. తీరికగా ఆలోచించి కనిపెట్టగల విషయం కూడా అక్కడ ముందే తెలిసి ఉండాలి. వేగం పెరిగినకొద్దీ ముగింపుల జ్ఞానానికి విలువ తగ్గుతుందని కొందరు భావిస్తారు కాని, వాస్తవం దీనికి విరుద్ధం.

సింగపూర్ 2024

అన్నిటికన్నా పెద్ద పందెం ఉన్న ఆటలను నిర్ణయించేవి మాత్రం మామూలు ముగింపులే. చెన్నైలో తెలుగు కుటుంబంలో జన్మించిన దొమ్మరాజు గుకేశ్, చైనాకు చెందిన డింగ్ లిరెన్ మధ్య 2024లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ బిరుదు పోటీ ఇందుకు నిదర్శనం. 13 ఆటల తరువాత ఇద్దరూ సమానంగా 6½ పాయింట్లతో ఉన్నారు. డిసెంబరు 12న జరిగిన 14వ ఆటలో ఇరువైపులా ఒక ఏనుగు, ఒక శకటు మిగిలాయి, గుకేశ్‌కు ఒక బంటు అధికంగా ఉంది. సరిగా ఆడితే డ్రా కావలసిన స్థితి అది.

55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2కు తెచ్చి ఏనుగుల మార్పిడికి సిద్ధపడ్డాడు. ఆయన శకటు ఎ8 మూలలో ఉంది. గుకేశ్ ఏనుగులను మార్చుకుని, తన శకటును డి5 గడిలో నిలిపాడు. మూలలోని శకటుకు తప్పించుకునే దారి లేక శకటుల మార్పిడి కూడా తప్పనిసరి అయింది. మిగిలిన రాజు, బంట్ల ముగింపు గుకేశ్‌కు స్పష్టమైన గెలుపు. 58వ ఎత్తుతో ఆట ముగిసింది. 18 ఏళ్ళ గుకేశ్ అత్యంత పిన్న వయస్కుడైన ప్రపంచ విజేత అయ్యాడు. గుంటూరుకు చెందిన గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఈ పోటీకి గుకేశ్ సహాయక బృందంలో పనిచేశాడు.

ఇక్కడ అవసరమైనది ఏ వింత ముగింపు జ్ఞానమూ కాదు. పావులు మారిపోయాక మిగిలే బంట్ల ముగింపు ఎవరిదో ముందుగా చూడగలగడం. రాజు, బంట్ల ముగింపు ప్రతి ఇతర ముగింపుకూ చివరి మజిలీ కాబట్టి, అది తెలియనివానికి ఏ మార్పిడి మంచిదో తెలియదు.

పల్లె విద్యార్థి విషయం

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు వంటి ప్రాంతాలలో, దగ్గరలో శిక్షకుడు లేకుండా సెల్‌ఫోనులోనే ఆట నేర్చుకునే విద్యార్థి ఉన్నాడనుకుందాం. బడి, చదువు పోను అతనికి వారానికి మూడు నాలుగు గంటలు దొరుకుతాయి. రేటింగు పోటీకి నెల్లూరు వెళ్ళాలంటే బస్సు ఖర్చు, ప్రవేశ రుసుము, వెంట వచ్చే పెద్దల కూలి నష్టం ఉంటాయి. ఏడాదికి రెండు మూడు పోటీలే ఆడగలిగినవానికి ప్రతి అర పాయింటూ విలువైనదే. ఏ గంట దేనికి కేటాయించాలన్న ప్రశ్న నగరంలోని విద్యార్థి కంటే అతనికి ఎక్కువ బరువైనది.

అటువంటి విద్యార్థి మొదటి సంవత్సరం అరుదైన ముగింపుల జోలికి పోనక్కరలేదు. ఒంటరి రాజుకు మంత్రితో, ఏనుగుతో ఆట కట్టించడం, రాజులు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఎత్తు ఎవరిదన్న లెక్క, పరుగెత్తే బంటును రాజు అందుకోగలడా అని చూసే చతురస్రపు సూత్రం, అంచు బంటు చేరే గడి శకటు రంగుది కాకపోతే గెలుపు లేదన్న సంగతి ముందు రావాలి. ఆ తరువాత ఏనుగు, బంటు ముగింపులలో లుసేనా, ఫిలిదోర్ స్థితులు. లుసేనా పేరుతో పిలిచే స్థితి ఆయన 1497 నాటి పుస్తకంలో లేనే లేదు, అది సాల్వియో 1634లో ప్రచురించినది. పేరు ఎవరిదైనా పది ముగింపులలో ఉపయోగపడేది అదే. వీటి తరువాత పైన చెప్పిన ఒక్క వాక్యపు సూత్రాలు, ఆపైన ఏనుగు, శకటు నుండి రక్షణ, చివరకు ఒక వేసవి సెలవులో శకటు, గుర్రం. ఈ చివరిదానిని ఫోనులోని టేబుల్‌బేస్‌కు ఎదురుగా 50 ఎత్తుల లోపల వరుసగా ఐదుసార్లు పూర్తి చేయగలిగితే వచ్చినట్లే లెక్క. ఆరు నెలలకొకసారి మళ్ళీ చేసి చూడకపోతే మరచిపోవడం కూడా అంతే సులభం.

ముగింపు ఎంత తెలిసినా నియమం తెలియక నష్టపోవడం కద్దు. యాభై ఎత్తుల డ్రా తనంత తాను రాదు, ఆటగాడు కోరాలి. అందుకు వేయబోయే ఎత్తును ముందుగా ఆట పత్రంపై వ్రాసి, గడియారం ఆపి, న్యాయనిర్ణేతను పిలిచి చెప్పాలి. చివరి బంటు కదిలిన లేదా చివరి పావు చచ్చిన ఎత్తుకు ఎదురుగా ఒక చిన్న గీత గీసి ఉంచుకుంటే లెక్క తప్పదు. ఎత్తుకు 30 సెకన్ల అదనపు సమయం ఉండే పోటీలలో చివరి వరకు ఎత్తులు వ్రాయడం తప్పనిసరి కాబట్టి ఇది సాధ్యమే. ర్యాపిడ్ పోటీలలో ఎత్తులు వ్రాయవలసిన అవసరం లేదు, అక్కడ లెక్క మనసులోనే పెట్టుకోవాలి.